బదనికకు సీసా ఊయల

కలకత్తాకు నైరుతి దిక్కున హుగ్లీ నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపున, ఎడమ ఒడ్డున ఉన్నది గార్డెన్ రీచ్. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇక్కడ తోటల నడుమ దొరల మేడలు బారులు తీరి ఉండేవి. నేడు ఆ తోటలు లేవు. ఓడల కార్ఖానా, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, మటియాబుర్జు దర్జీల సందులు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఆవలి ఒడ్డున శిబ్‌పూర్‌లో మాత్రం, 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన వృక్షోద్యానం ఇంకా పచ్చగా ఉన్నది.

సంస్కృత పండితుడు, న్యాయమూర్తి సర్ విలియం జోన్స్ గార్డెన్ రీచ్‌లోనే నివసించి 1794లో కన్నుమూశాడు. మరునాడే అన్నట్లు 1795లో వెలువడిన ఆయన వృక్షవ్యాసంలో ఒక ఆర్కిడ్ ‘వందా’ అనే సంస్కృత నామంతో కనిపిస్తుంది. సామర్లకోటలో పనిచేసి, 1793లో శిబ్‌పూర్ ఉద్యానానికి అధిపతిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ కూడా తన కోరమాండల్ గ్రంథంలో అదే సంవత్సరం ఒక వందాను వర్ణించాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ చేతిలో ‘వందా’ ఒక ప్రజాతి నామంగా స్థిరపడింది.

వందాకమంటే తెలుగులో బదనిక. కాని ఆర్కిడ్‌కు ఈ పేరు అన్యాయమే. నిజమైన బదనిక చెట్టు రసాన్ని పీల్చుతుంది. ఆర్కిడ్ కొమ్మను ఆసరాగా మాత్రమే కోరుతుంది. పరాన్నభుక్కుగా పేరుపడ్డ ఈ మొక్కను నిజంగా దోచుకొన్నవాడు మానవుడే. 1850లో జోసెఫ్ హుకర్ ఖాసీ కొండలనుండి ఏడుగురు మోయగల నీలి వందాలను సేకరించాడు. వానిలో ఇంగ్లండుకు ప్రాణాలతో చేరినవి బహుకొద్ది.

అడవిని దోచకుండా పూలు పొందే మార్గమేది? ఆర్కిడ్ విత్తనం ధూళివలె సూక్ష్మం. దానిలో ఆహారనిల్వ ఉండదు. ప్రకృతిలో ఒక బూజు తోడైతేనే అది మొలకెత్తుతుంది. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్‌సన్, పంచదార, లవణాలు కలిపిన అగర్‌పై బూజు లేకుండానే విత్తనాలు మొలిపించాడు. 1960లో ఫ్రాన్సులో జార్జ్ మోరెల్ చిగురు కణజాలం నుండే మొక్కలను పుట్టించాడు.

చిగురు పద్ధతిలో అన్నీ తల్లిని పోలినవే పుడతాయి. అయితే ఏకకాండంగా పెరిగే వందాకు కొన చిగురు తీస్తే తల్లికే ముప్పు. కనుక ఇంటివారికి పచ్చికాయ పద్ధతి మేలు. అగర్ పోసిన సీసాలను ప్రెషర్ కుక్కర్‌లో ఇరవై నిమిషాలు ఉడికించాలి. పగలని పచ్చికాయను కడిగి, స్పిరిటుతో తుడిచి, స్పిరిటు సీసాను మూసి దూరంగా పెట్టిన తరువాతే మంటపై చూపాలి. గాలి కదలని గాజుపెట్టెలో కాయను కోసి, విత్తనాలను సీసాలో చల్లి మూత బిగించాలి.

కలకత్తా తేమగాలిలో చిన్న పొరపాటు చాలు, సీసా అంతా బూజే. నాడు ఆప్తమిత్రమైన బూజు నేడు శత్రువు! నెగ్గినవారికి కొద్ది వారాలలోనో నెలలలోనో ఆవగింజంత పచ్చని బంతులు కనిపిస్తాయి. పూత చూడాలంటే కొన్ని సంవత్సరాలు పడుతుంది.

ఓర్పుగలవానికి తోట అక్కరలేదు. ఒక కిటికీ అంచు చాలు. అక్కడ ఎదిగే ప్రతి మొక్కా, అడవిలోని ఒక కొమ్మను దాని పూవుతోనే ఉండనిస్తుంది.