నేపాళమునకు మితవ్యయ యాత్ర

విదేశయాత్ర యనగానే మన యిండ్లలో విమానమును, లక్షల రూపాయలును తలపునకు వచ్చును. హిమాలయముల యొడిలోని నేపాళమును పరదేశమే కదా! 1950వ సంవత్సరపు ఒడంబడిక ననుసరించి యచటికి బోవు మనవారికి వీసా అక్కరలేదు. వోటరు కార్డు వెంట నున్న చాలును.

మేము మువ్వురము బయలుదేరితిమి. మాది జనగామ, వదినగారిది మహబూబాబాదు, చెల్లెలిది భూపాలపల్లి. ముక్తినాథ దర్శనము కీర్తిశేషులైన మా అన్నగారి కోరిక. అది తీర్పవలెనని వదినగారు మిరపపంట సొమ్ములో కొంత కొంత దాచుచు వచ్చిరి. రైలు టిక్కెట్లు గాక మనిషికి దినమునకు 700 రూపాయలు, తొమ్మిది దినములకు 6,300 అని నిర్ణయించుకొంటిమి. తిరుగుప్రయాణపు సొమ్మును వేరుగా గుడ్డసంచిలో కుట్టి వదినగారి రొంటిని ఉంచితిమి.

భూపాలపల్లికి రైలు లేదు గనుక చెల్లెలు బస్సున వరంగల్లు చేరెను. అచట గోరఖ్‌పూరు రైలెక్కి, పిదప బస్సులో సునౌలి చేరి, కాలినడకను సరిహద్దు దాటితిమి.

మన నూరు రూపాయలకు వారివి 160. 1993 నుండి ఈ లెక్క మారలేదు. మా 700 అచట 1,120 ఆయెను. అయితే సోదరీమణులారా, అంగడివాడు వెల చెప్పగానే ‘ఐ.సీ.’యా, ‘ఎన్.సీ.’యా యని యడుగుట మరువకుడు. మొదటిది మన రూపాయి, రెండవది వారిది. అడుగనివారి మూట త్వరగా తేలికయగును!

సకినాలు, సత్తుపిండి, మామిడితొక్కు ఇంటినుండియే కొనిపోతిమి. పగటిపూట మాత్రము దాల్‌భాత్. అన్నము, పప్పు, కూర మారు వడ్డించినను వెల పెరుగదు. మన తొక్కు తోడైనచో నది విందే. టీ మానుకొంటిమి. చెల్లెలికిది ఉపవాసముకంటె కష్టమాయెను.

లుంబినిలో అశోకుని శిలాస్తంభమును జూచితిమి. కాఠ్మాండులో ధర్మశాలయందు దిగి పశుపతినాథుని సేవించితిమి. అచటి ప్రధానార్చకులు కర్ణాటక దేశపు భట్టులని విన్నపుడు, అంత దూరమున మనవైపువారు కానవచ్చినట్లు సంతోషించితిమి.

తిరుగుదారిలో ముగ్లింగు కడ త్రోవ చీలును. ఒకటి పోఖరాకు, అటనుండి ముక్తినాథమునకు. రెండవది మన సరిహద్దునకు. బస్సు నిలిచినంతసేపు వదినగారు రొంటి సంచిపై చేయి వైచి కూర్చుండిరి. సుమారు 3,700 మీటర్ల యెత్తుననున్న యా క్షేత్రమునకు బోవుటకు ఆ సొమ్ము చాలును. ఇల్లు చేరుటకు చాలదు. మాకు నోట మాట రాలేదు. తుదకు ఆమెయే చేయి తీసి, “ఇగ ఇంటికే పోదాం” అనిరి.

నారాయణగఢ్‌లో గండకీనది కలదు. ముక్తినాథపు కొండలనుండి వచ్చు నీరే యది. అచట దిగి, వదినగారు స్నానమాడి భర్త పేర మూడు దోసిళ్ల నీరు విడిచిరి.

ఇల్లు చేరి లెక్క చూడగా మువ్వురకు గలిపి 430 రూపాయలు మిగిలెను. దానిని వదినగారి కడనే యుంచితిమి. మిరప అమ్మునాటికి పోఖరా బస్సునకు ఎంతయగునో కనుగొని యుంచుమని మొన్ననే యామె కబురంపిరి.