అటవియే అయోధ్య

వనగమనానికి సిద్ధపడిన లక్ష్మణునికి సుమిత్ర చేసిన ఉపదేశం వాల్మీకి రామాయణంలో సుప్రసిద్ధం. శ్రీరాముని తండ్రిగా, సీతను తల్లిగా, అటవిని అయోధ్యగా భావించమని ఆ మాత ఆదేశించింది. దీనిని వియోగవేళ పలికిన ఓదార్పుగా మాత్రమే గ్రహించడం చాలదు. పద్నాలుగేండ్ల ప్రవాసానికి ఇదియే సాధన.

చిత్రకూటంలో లక్ష్మణుడు పర్ణశాల నిర్మించాడు. శ్రీరాముడు శాస్త్రోక్తంగా వాస్తుశాంతి జరిపిన పిమ్మటనే అందులో ప్రవేశించాడు. ఆకులు కప్పిన కుటీరానికి వాస్తుశాంతి ఎందుకు? నివాసం ఎంత స్వల్పమైనా, ఎంత అనిత్యమైనా, శ్రద్ధతో ప్రవేశించినవానికే అది గృహమవుతుంది. కొంతకాలానికి ఆయన సీతతో ఆ గిరిని అయోధ్యగా, మందాకినిని సరయువుగా, వన్యప్రాణులను పౌరజనంగా తలచమన్నాడు. సుమిత్ర ఉపదేశించిన భావన ఇక్కడ అనుభవమైంది.

అయితే ఈ భావన స్మృతిని చెరిపివేయదు. భరతుడు, తల్లులు, పౌరులు వచ్చి మరలిన తరువాత రాముడు చిత్రకూటంలో నిలువలేకపోయాడు. అక్కడ చూసిన ఆత్మీయుల తలపు ఆయనను వెన్నాడింది. ఆ చోటు విడుచుటకు గల కారణాలలో దీనినీ మహర్షి చెప్పాడు. అవతారపురుషునికే తప్పని ఈ వేదనను అజ్ఞానమని త్రోసిపుచ్చడం తగదు.

పిదప గోదావరీ తీరాన పంచవటిలో మరొక పర్ణశాల వెలసింది. సీతాపహరణానంతరం రాముడు తిరిగివచ్చి చూస్తే కుటీరం అదే, నది అదే. గృహం మాత్రం లేదు. అయోధ్యను వీడిన నాడు చలించని ధీరుడు అక్కడ చెట్టుచెట్టునూ ప్రశ్నిస్తూ విలపించాడు. అటు సువర్ణమయమైన లంకలో, సకల భోగాలు ఎదుట నిలిచినా, సీతకు శింశుపావృక్షచ్ఛాయ చెరగానే మిగిలింది. పర్ణకుటి ఇల్లయింది, స్వర్ణలంక కాలేదు.

గృహత్వం భూమికి గాని కట్టడానికి గాని సహజమైన గుణం కాదని దీనివలన తెలుస్తున్నది. పరస్పర ధర్మబద్ధులైనవారి సహవాసమే దానికి ఆధారం. యుద్ధభయం చేతనో, జలాశయంలో ఊరు మునిగిపోవడం చేతనో నేడు స్వస్థలం కోల్పోయినవారికి దానిని మరచిపొమ్మని చెప్పే అధికారం ఎవరికీ లేదు. రామకథ కూడా అలా చెప్పదు. పాత ఊరి పేరును కొత్త నదికి పెట్టుకొని, తనతో వచ్చినవారిని కాపాడుకొమ్మని మాత్రమే అది బోధిస్తుంది. వారి చెంతకు వచ్చిన కొత్తవారిని ఆదరించడం ఇరుగుపొరుగు వంతు. గుహుడు, భరద్వాజుడు, అగస్త్యుడు ఆచరించి చూపినది అదియే.