తంజావూరు: రాతిమీద, తాళపత్రంమీద

కావేరి పాయలు తడిపే తంజావూరు సీమకు వెళ్ళే తెలుగువారిలో చాలామంది పెద్దగుడిని దర్శించి, ఒక ఛాయాచిత్రం తీయించుకొని, ఆ సాయంత్రమే మరో క్షేత్రానికి బండి ఎక్కుతారు. ఎల్.టి.సి. ప్రయాణంలో రోజుల లెక్క తప్పదు కనుక వారిని తప్పు పట్టలేము. అయినా ఈ ఒక్క జిల్లాకు మూడు రోజులు కేటాయించవలసిందని నా మనవి. తమిళదేశం నడిబొడ్డున మన భాష దాదాపు 300 ఏళ్ళు రాజాస్థానంలో వెలిగిన చోటు ఇది.

పెద్దగుడి అంటే బృహదీశ్వరాలయం. రాజరాజచోళుడు 1010లో దీనిని పూర్తి చేయించాడు. విమానం ఎత్తు 200 అడుగులకు పైమాటే. దాని నీడ నేలపై పడదని చూపించేవారు చెబుతారు. పడుతుంది! సాయంకాలం ప్రాకారంలో కాసేపు నిలుచుంటే ఎవరైనా చూడవచ్చు. అసలైన అద్భుతం గోడల అడుగుభాగాన ఉంది. రాజు, అతని అక్క కుందవ్వ, రాణులు, ఉద్యోగులు ఇచ్చిన కానుకలన్నీ అక్కడ తమిళంలో చెక్కి ఉన్నాయి. ఆలయానికి రప్పించిన 400 మంది నర్తకీమణుల పేర్లు, వారు వచ్చిన ఊళ్ళు, నివసించే వీధి, ఇంటి వరుస సహా నమోదయ్యాయి. ఒక్కొక్కరికి ఏడాదికి 100 కలముల ధాన్యం జీతం. ఎవరైనా మరణిస్తే వారి దగ్గరి బంధువుకు ఆ కొలువు చెందాలట. బంధువుకు అర్హత లేకపోతే అర్హుడైన మరొకరిని అతడే చూపాలట. కారుణ్య నియామకాల దస్త్రాలు చూసే మన మిత్రులకు ఈ నిబంధన కొత్తగా తోచదు.

చోళుల తరువాత వచ్చినవారు కూడా ఈ గుడిమీదనే తమ ముద్ర వేశారు. ఏకశిలానంది నాయకరాజుల కాలం నాటిది. గర్భగుడి చుట్టూ ఉన్న నడవలో నాయకుల చిత్రాల పొర కింద చోళుల చిత్రాలు దాగి ఉన్నట్లు 1931లో తెలిసింది. 1803లో మరాఠా రాజు శరభోజి తన వంశచరిత్రను మరాఠీలో ఈ ప్రాకారపు గోడలపై చెక్కించాడు.

మనకు ముఖ్యమైనది నాయకుల కథ. విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా 16వ శతాబ్దంలో వచ్చిన వీరు తెలుగువారు. రఘునాథ నాయకుడు తానే కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసం అతనికే అంకితం. అతని కుమారుడు విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ మన్నారుదాసవిలాసం రచించింది. ఆశ్చర్యమేమంటే, నాయకుల పాలన 1673లో అంతమైనా తెలుగు అంతం కాలేదు. మరాఠీ మాతృభాషగా గల శాహజీ తెలుగులో యక్షగానాలు వ్రాశాడు. ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని రాధికాసాంత్వనం వెలువడింది.

ఈ రాతప్రతుల్లో ఎన్నో కోట ఆవరణలోని సరస్వతీ మహల్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. తెలుగు తాళపత్రాలే వందల సంఖ్యలో ఉన్నాయి. ప్రదర్శనశాల చూచి వెనుదిరిగే సందర్శకులలో ఎందరికి ఈ మాట తెలుసు? అక్కడ వీటిని కాపాడుతున్నది తమిళ గడ్డ. మనలో చదువగలవారు వెళ్ళి చదవకపోతే ఆ కాపలాకు ఫలమేమిటి?

తంజావూరుకు 13 కిలోమీటర్ల దూరంలో తిరువయ్యారు. 1847లో త్యాగరాజస్వామి సిద్ధిపొందినది ఇక్కడే. ఏటా పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున వందలాది గాయకులు పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుగా పాడతారు. వారిలో ఎక్కువమంది ఆ తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసుకొని నేర్చినవారే. ఉచ్చారణ అక్కడక్కడ జారినా, భక్తి జారదు. సమాధిపై మందిరం కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మ. 1910లో ముద్దుపళని కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేయించినదీ ఆమెయే. ఆ గ్రంథాన్ని నాటి ప్రభుత్వం నిషేధించింది. చాలా కాలం తరువాతనే నిషేధం తొలగింది. స్వామి సన్నిధికి అభిముఖంగా ఆమె ప్రతిమ కూర్చుని ఉంటుంది. చాలామంది గమనించరు, గమనించండి.

కుంభకోణం, దారాసురం ఎలాగూ చూస్తారు కనుక వాటి వర్ణన విడిచిపెడుతున్నాను. కానీ మెలట్టూరు చిన్న పల్లె, ఎవరూ చెప్పరు. అచ్యుతప్ప నాయకుడు ఇచ్చిన అగ్రహారమని ప్రతీతి. నృసింహ జయంతి రాత్రి అక్కడ వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద నాటకాన్ని తెలుగులో ప్రదర్శిస్తారు. స్త్రీ పాత్రలూ పురుషులే ధరిస్తారు. అది మే నెల ప్రాంతం, ఎండలు తీవ్రం. పిల్లలతో వెళ్ళేవారు పగలు విశ్రాంతి తీసుకోవడం మంచిది. నరసింహుడు స్తంభం చీల్చుకొని వచ్చేసరికి తెల్లవారవస్తుంది.