కృష్ణసారములకు ఉలవచేను

గంజాం జిల్లాలోని తెలుగువారము మన పూర్వుల దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, నాటకసమాజములను గూర్చియు ఇట్టి సంచికలలో తరచుగా వ్రాసికొనుచుందుము. అది ఉచితమే. కాని మన ముంగిటనే ఇరుగుపొరుగు ఒడియా రైతులు తరతరములుగా నడపుచున్న యొక గొప్ప ధర్మమును మనము తగినంతగా గమనింపలేదు. ఆస్కా, బుగుడా ప్రాంతములలోని భేట్నోయి, బాలిపదర్ మొదలగు గ్రామముల చేలలో కృష్ణసార మృగములు నిర్భయముగా మేయుచుండును. వానిని ఎవ్వరును కొట్టరు. ఆ చెంతనే నాకు పిత్రార్జితముగా వచ్చిన ఎకరము మెట్టలో వానికొరకు కొంత ఉలవ విత్తిన యనుభవమును, దానివలన నేను తెలిసికొన్న విషయమును పాఠక మహాశయులకు మనవి చేయుదును.

కృష్ణసారమును మనము వాడుకలో జింక యనుచున్నను, శాస్త్రజ్ఞులు దీనిని దుప్పి, కణుజుల కుటుంబములో చేర్పరు. దుప్పి కొమ్ములు రాలి మరల మొలచును. దీని కొమ్ములు రాలవు, శాఖలుగా చీలవు, మరమేకువలె మెలికలు తిరిగి పైకి పెరుగును. కొమ్ములు సాధారణముగా మగవానికే యుండును. వయసు వచ్చినకొలది మగదాని వీపు నల్లబడును. పొట్టయు, కన్నులచుట్టును తెల్లగా నుండును. ఆడువియు, పిల్లలును లేత గోధుమవన్నెలో నుండును. ఇది దట్టమైన యడవిని కోరదు. నాలుగు దిక్కులను చూడ వీలైన బయలు, పొట్టిగడ్డి దీనికి కావలెను. ప్రమాదము కనబడినచో పరుగే దీనికి రక్షణ. కృష్ణసారము సహజముగా సంచరించు దేశమే యజ్ఞమునకు యోగ్యమైన దేశమని మనుస్మృతి చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగమును ఇదియే.

ఇచటి రైతులు చెప్పు కథ యొకటి గలదు. పూర్వము వానలు లేక చేలు ఎండిపోవుచుండగా కొన్ని కృష్ణసారములు పొలములలోనికి వచ్చినవనియు, పిదప వర్షము కురిసినదనియు, నాటినుండి వానిని శుభసూచకములుగా భావించుచున్నామనియు వారందురు. కథ యెట్టిదైనను ఫలము కంటికి కనబడుచున్నది. 2011 గణనలో ఈ జిల్లాలో సుమారు 2,200 కృష్ణసారములుండగా, 2021 నాటికి 7,000కు మించినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీని వేటను నిషేధించినది. కాని ఆ చట్టము అన్ని జిల్లాలకును ఒక్కటే గదా! పూరీ జిల్లాలోని బాలుఖండ్ కోణార్క్ అభయారణ్యములో నుండిన కృష్ణసారములు ఒక దశలో పూర్తిగా కనుమరుగైనవి. గంజాం చేలలో మాత్రము పదియేండ్లలో మూడింతలైనవి. ఈ భేదమునకు ముఖ్యకారణము రైతుల యోర్పే యని నా నమ్మకము.

బ్రహ్మపురములో ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాపని చేసి విరమించిన పిదప, కౌలుకిచ్చిన ఆ ఎకరమును నేనే చూచుకొనసాగితిని. ఆ దినములలో అమెరికాలోనున్న మా మేనల్లుడు ఫోనులో ఒక వింత చెప్పెను. అచట వేసవి చివర, చలి రాకపూర్వము, అడవియంచున చిన్న మడిని దున్ని, మన్నును పరీక్షింపించి, పులుపు ఎక్కువైన నేలకు సున్నము చల్లి, ఓట్లు, క్లోవరుగడ్డి, టర్నిప్ దుంపలు మున్నగునవి జింకలకొరకే విత్తుదురట. విత్తువారిలో పెక్కుమంది వేటగాండ్రేయట. వేటమాట నాకు రుచింపలేదు గాని, విత్తుమాట మనసున నాటుకొనెను. ప్రాణము తీయు కోరిక లేకయే, కన్నులపండువుగా చూచుటకు మాత్రమే మనమేల విత్తరాదని తోచెను.

అయినను పొలమున గట్టు కలిసినవానితో సంప్రదింపక ఏ పనియు చేయరాదు. మా చేనికి పడమట పెసర వేయు వృద్ధ ఒడియా రైతు నొద్దకు పోయి, "భాయినా, ఈ శరత్తున అరయెకరము జింకలకొరకు విత్తదలచితిని. మీరేమందురు?" అని అడిగితిని.

ఆయన కొంతసేపు ఊరకుండి యిట్లనెను: "బాబూ, మీ చేను మేసి ముగించిన పిదప అవి ఎచటికి పోవును? నా చేనికే గదా! మేము వానిని పిలువము. వచ్చినచో చంపము. మా యింటి ధర్మము అంతవరకే."

ఈ నాలుగు మాటలలో నాకు గొప్ప విషయము గోచరించినది. రప్పించుట వేరు, రానిచ్చుట వేరు. రప్పించువాడు తన వేడుకకై రప్పించును. దాని నష్టము పొరుగువానిపై పడవచ్చును. రానిచ్చువాడు తన నోటికూటిలోనిదే విడుచును. నాకు పింఛను కలదు; ఆయనకు చేనే పింఛను.

ఆయన వలదనలేదు; కొన్ని నియమములు చెప్పెను. వానిని తప్పక పాటించితిని. పెసరచేనికి దూరముగా, బీడువైపున, బండ్లదారికి ఎడముగా అరయెకరము జింకలకు నిర్ణయించి, తక్కిన సగము ఇంటికి ఉంచుకొంటిని. ముళ్లతీగ కంచె వేయలేదు. పురుగుమందు చల్లలేదు. జింకలకు వీధికుక్కల బెడద యెక్కువ గనుక మా పాలేరు వెంట వచ్చు కుక్కను పొలమునకు రానీయలేదు. చేతితో తిండిపెట్టి మచ్చిక చేయు పని యెన్నడును పెట్టుకొనలేదు. మనిషిని చూచి పారిపోవుటయే వానికి ఆయుష్షు.

ఉలవ నెంచుకొనుటకు కారణము గలదు. ఆశ్వయుజమున వానలు వెనుకబట్టువేళ విత్తిన ఉలవకు నీరు పెట్టనక్కరలేదు. నేలలో మిగిలిన చెమ్మతోనే పెరుగును. సారము తక్కువైన మెట్టనేలనైనను సహించును. పప్పుజాతి గనుక నేలకు మేలు చేయును. రెండుమారులు దున్నించి, అరయెకరమునకు ఐదారు కిలోల చొప్పున గింజ చల్లించి, పైని గుంటక తోలించితిని. వారములోపల మొలక కనబడినది. తీగ సాగకమునుపే, ఒకనాటి వేకువను మంద వచ్చినది: నల్లని మగది యొకటి, ఆడువి తొమ్మిది, పిల్లలు మూడు. చప్పుడు లేక లేతచివుళ్లను కొరుకుచు, మాటిమాటికి తలలెత్తి చూచుచు, ఎండ యెక్కుసరికి బీడులోనికి తరలిపోయినవి.

వానికి నా గుమాస్తాలెక్క తెలియదు. వాని అరయెకరమును, నా అరయెకరమును సమముగానే మేసినవి. పెసరచేని అంచును సయితము కొంత తినినవి. పుష్యమాసమున నూర్చగా మాకు దక్కినవి రెండు బస్తాలకు లోపే. అందులో సగము భాయినా యింటికి పంపితిని. విత్తకమునుపే చేసికొన్న యొడంబడిక యది. ఆయన స్వీకరించి, "నిరుడును తినినవి బాబూ, నిరుడు ఎవ్వరును పంపలేదు" అని నవ్వెను.

ఆ మాట నవ్వులాటగా తీసికొనదగినది కాదు. కర్నూలుసీమలోని రోళ్లపాడులో బట్టమేకపిట్టకొరకు 1988లో అభయారణ్యము ఏర్పడగా, ఆ రక్షణలో కృష్ణజింకలును పెరిగి చుట్టుపట్ల పంటలను మేయసాగెను. రైతులకు వానిపై ఆగ్రహము కలిగెను. ఆ రైతులు నిర్దయులు కారు. బరువంతయు ఒక్కని భుజముపై మోపినచో ఏ ధర్మమైనను కొంతకాలమునకు అలసిపోవును. గంజాములోను అన్నదమ్ముల పంపకములతో చేలు చిన్నవగుచున్నవి. పది యెకరముల తాత విడిచిన పిడికెడు పైరును రెండెకరముల మనుమడు విడువగలడా యన్నది నేటి ప్రశ్న.

గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధానినుండి ఒరిస్సాలో చేరినది. ఎల్లలు మారినను మన యిండ్లు కదలలేదు. పొరుగువారు మనలను ఉండనిచ్చిరి, మనమును వారిలో ఒకరమై యుంటిమి. రానిచ్చుట, ఉండనిచ్చుట యనువాని విలువ మనవంటి కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ సంచికను చదువు సోదరులలో కర్ణాటకమువారికి రాణిబెన్నూరు, తమిళనాటివారికి కోడిక్కరై, మహారాష్ట్రమువారికి రెహెకురి కృష్ణసారముల తావులే. ఆ ప్రాంతములలో భూమి గలవారు కొంత బయలును కంచె లేక విడువవచ్చును. భూమి లేనివారు అచటి రైతుల పప్పుధాన్యములను బేరమాడక కొనవచ్చును. విత్తదలచినవారు మాత్రము ముందుగా గట్టు కలిసినవానిని అడిగి విత్తుదురు గాక.