చిన్న రంధ్రములు, పెద్ద భయము

కోరుట్లలోని మా సంఘములో బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఒక సహోదరి ఉన్నది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఎనిమిదేండ్ల కొడుకుకు తరచు చలిజ్వరము, నడుము పక్కన నొప్పి. జగిత్యాలలో స్కానింగు తీయిస్తే ఎడమ కిడ్నీ నీటితో ఉబ్బి ఉన్నదన్నారు. పుట్టుకతోనే మూత్రము దిగే నాళము ఇరుకై, కిడ్నీ పాడైనదట. హైదరాబాదులో మరొక పరీక్ష చేసి, అది నూటికి ఐదు పాళ్లు కూడ పనిచేయడము లేదు, తీసివేయాలన్నారు.

నాయనమ్మ ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, పసివాని కడుపు కోస్తరట. ఒక్క కిడ్నీతోని బతుకుతడా?" సిరిసిల్లలో మరమగ్గము నడిపే ఆమె తమ్మునికి పాతికేండ్ల క్రిందట పక్కటెముకల క్రింద పెద్ద కోత పెట్టి కిడ్నీ తీశారు. నెలల తరబడి అతడు మగ్గము దగ్గర నిలబడలేకపోయాడు. ఆమె భయమంతా అదే.

ఓదార్చాలని, "తొందరపడకండి, ప్రార్థన చేద్దాము" అన్నాను. నాలుగు నెలలు గడిచాయి. ఒక రాత్రి బాబుకు ఒళ్లు కాలిపోయే జ్వరము. ఆస్పత్రి మంచము పక్కన తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. నాకే తలెత్తి చూచే ధైర్యము లేదు.

జ్వరము తగ్గాక నేనే వెంట హైదరాబాదు వెళ్లాను. డాక్టరమ్మ కాగితము మీద బొమ్మ గీసి చెప్పింది. పొట్టమీద మూడు నాలుగు చిన్న రంధ్రములు చేసి, గాలితో పొట్టను ఉబ్బించి, కెమెరాతో టీవీ తెరపై చూస్తూ రక్తనాళములు మూసి, కిడ్నీని రంధ్రము గుండానే తీస్తారట. ఈ పద్ధతిలో 1990లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాల్ఫ్ క్లేమన్ అనే డాక్టరు ఒక వృద్ధురాలికి మొదటిసారి కిడ్నీ తీశాడు. కొద్ది సంవత్సరములలోనే పిల్లలకూ చేయసాగారు. ఖర్చుకు ఆరోగ్యశ్రీ కార్డు ఆదుకున్నది.

మూడవ నాటికి బాబు ఇంటికి వచ్చాడు. నాయనమ్మ అంగీ ఎత్తి చూచి, "గింతేనా అయ్యగారూ?" అన్నది.

మిగిలిన కిడ్నీ క్రమముగా పెరిగి రెండింటి పని చేస్తుంది. ఏటేటా బీపీ, మూత్ర పరీక్ష చేయిస్తే చాలు. వాడిప్పుడు బడికి పరుగెత్తి పోతున్నాడు.

ప్రియులారా, పిల్లలకు కారణము తెలియని జ్వరము మాటిమాటికి వస్తే మూత్ర పరీక్ష చేయించండి. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా! ఇప్పుడు ఎవరైనా ప్రార్థన కోరితే, "డాక్టరుకు చూపించారా?" అని మొదట అడిగి, తర్వాతనే మోకరిస్తున్నాను.