హాలహర్వి మందిరంలో బాఖ్ సంగీతము

ఆదోని నుండి ఆలూరు మీదుగా బళ్ళారి వైపు వెళ్ళే దారిలో హాలహర్వి ఉన్నది. చుట్టూ నల్లరేగడి చేలు. తెలుగు, కన్నడము రెండూ ఒకే నోట పలికే సీమ ఇది. 1953 వరకు ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆ బళ్ళారికి లండన్ మిషనుకు చెందిన జాన్ హ్యాండ్స్ దొరగారు 1810లో వచ్చి సువార్త పని ప్రారంభించారు. అందుచేత ఈ ప్రాంతపు సంఘాలలో దొరల రాగాలు, మన కీర్తనల రాగాలు రెండూ వినబడుతుంటే మాకు వింతగా తోచలేదు.

మేము వెళ్ళిన శనివారం సాయంత్రం మందిరంలో ఒక యౌవనస్థుడు కీబోర్డు ముందు కూర్చుని ఆరాధనకు సాధన చేస్తున్నాడు. ముందున్నది పియానో పుస్తకపు జిరాక్సు కాగితాలు. పాట ‘జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్’. చక్కగానే వాయిస్తున్నాడు. కానీ చాప మీద కూర్చున్న అవ్వ ఒకామె, “పాట యాడుంది నాయనా? గలగలే ఇనపడతాంది” అన్నది.

అవ్వ మాట నిజమే. 1723లో జర్మనీలోని లైప్జిగ్ పట్టణంలో సెబాస్టియన్ బాఖ్ దీనిని కూర్చినప్పుడు గాయకబృందం నెమ్మదిగా కీర్తన పాడేది, దాని చుట్టూ వయొలిన్లు పరుగెత్తేవి. కీర్తన రాగం కూడా ఆయనది కాదు. యోహాన్ షోప్ అనే ఆయన 1642లో కట్టినది. ఇంతమంది చేసే పనిని పది వేళ్ళకు కుదించినవారు మైరా హెస్ అనే ఆంగ్లేయ వనిత. యుద్ధకాలంలో లండన్ నేషనల్ గ్యాలరీలో మధ్యాహ్న కచేరీలు నడిపినది ఆమే. ఆమె కూర్పు 1926లో అచ్చయింది. అందులో పరుగు స్వరాలను తేలికగా తాకి, కీర్తన స్వరాలను బరువుగా నొక్కాలి. పియానోలో సుత్తి తీగను కొడుతుంది గనుక వేలి బలాన్ని బట్టి ధ్వని మారుతుంది. క్రింద స్వరాన్ని పట్టి ఉంచడానికి కాలి పెడల్ కూడా ఉంటుంది.

మందిరంలోని చవక కీబోర్డుకు అవేమీ లేవు. ఎంత గట్టిగా నొక్కినా ఒకటే ధ్వని. పాపం, ఆ అబ్బాయి వేళ్ళు నొప్పి పుట్టేలా నొక్కుతున్నాడు.

బాఖ్ కాలపు హార్ప్సికార్డుదీ ఇదే గుణము. అది తీగను మీటుతుంది. వేలి బలంతో దానికి పని లేదు. ఆ వాద్యకారులు ముఖ్యమైన స్వరాన్ని కొంచెం ఎక్కువసేపు పట్టి, దాని ముందు చిన్న ఎడమిచ్చి వినిపించేవారు. అంటే ఈ పేద కీబోర్డు పెద్ద పియానో కంటే బాఖ్ వాద్యానికే దగ్గర చుట్టము! మెట్లు 61 మాత్రమే అని దిగులు పడనక్కరలేదు. ఆయన 1722లో పూర్తి చేసిన ఇరవైనాలుగు ప్రెల్యూడ్లు, ఫ్యూగుల గ్రంథమంతా నాలుగు స్థాయిలలో ఇమిడిపోతుంది.

“అచ్చయినదాన్ని మార్చవచ్చునా అయ్యగారూ?” అని అబ్బాయి అడిగాడు. బాఖ్ తానే వైమార్‌లో ఉండగా వివాల్డి కచేరీ కృతులను ఒంటి వాద్యానికి మార్చుకున్నాడు గదా అని చెప్పాము. కీర్తన వచ్చే చోట మూడేసి పరుగు స్వరాలలో మొదటిది మాత్రమే ఉంచాము. చరణానికి చరణానికి మధ్య మాత్రం పరుగంతా అలాగే విడిచిపెట్టాము. ఎడమచేతి జంట స్వరాలలో పైదాన్ని తీసివేశాము. యంత్రపు తాళాన్ని ఆపించాము (ఇది మా పట్టుదలే అనుకోండి).

ఇంతలో కరెంటు పోయింది. అబ్బాయి హార్మోనియం లాక్కున్నాడు. ఎడమచేయి తిత్తికే సరిపోయె, కుడిచేతికి కీర్తన ఒక్కటే మిగిలింది. అవ్వ రెండవ వరుసకే కూనిరాగం అందుకుని, “దీనికి మాటలేంది నాయనా?” అని అడిగింది. యేసే నా ఆనందము, ఆయనను నేను విడువను అని జర్మను మాటల భావం చెప్పాము. “తెలుగులో రాసియ్యి మరి” అన్నది అబ్బాయితో.