నందికొట్కూరు దారిలో ఒక అమానతు

అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరుకుని రెండు మాసాలైంది. మహేశ్వరం సమీపంలో ఆయన ఏళ్ళ తరబడి కౌలుకు చేసిన జామతోటను యజమాని తిరిగి తీసుకున్నాడు. గడువు ముగిసిన కౌలు కాబట్టి ఆయనను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మోటారును, పైపులను, మందు కొట్టే యంత్రాన్ని వచ్చిన ధరకు అమ్మివేశాము. అమ్మడానికి వీలులేనివి రెండు ప్రాణాలు మిగిలాయి. అవి తోటకు కాపలా కాసిన షేరు, మోతీ.

కోతుల నుండి, అడవిపందుల నుండి కాయను కాపాడటానికే అబ్బా వాటిని పెంచారు. ఒక్కరోజు కూడా ఇంట్లోకి రానివ్వలేదు, ఒక్కరోజు కూడా పస్తు పెట్టలేదు. వేట కోసం, పశువుల కోసం, పంట కాపలా కోసం కుక్కను పెంచుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతి ఇచ్చారన్న విషయం ఆయనకు తెలుసు. ఆ హద్దు దాటకుండానే వాటిని సాకారు. ఇప్పుడు తోట లేదు. మేము ఉంటున్నది హైదరాబాదులో రెండో అంతస్తులోని అద్దె ఇల్లు. ఇంట్లో తొమ్మిది నెలల పాప ఉంది. బంధువుల్లో కొందరు, "జాతీయ రహదారిలో ఏదో ఒక హోటలు దగ్గర దించి రండి, ఎంగిలి మెతుకులతో బతికిపోతాయి" అని సలహా ఇచ్చారు. వారిది క్రూరత్వమని అనలేము. అందరూ చేసే పనినే వారూ చెప్పారు.

అమ్మీ ఒప్పుకోలేదు. ఆమె అప్పుడు ఇద్దత్‌లో ఉన్నారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ నాలుగు మాసాల పది రోజులు పాటించవలసిన గడువు అది. కాబట్టి తాను ప్రయాణం చేయడానికి వీలులేదు. గదిలో నుంచే ఒక్క మాట అన్నారు: "మీ అబ్బా బాకీలన్నీ లెక్కగట్టి తీర్చారు కదా నాయనా, ఈ రెండు నోళ్ళు ఆ లెక్కలో లేవా?" అప్పులవాళ్ళ జాబితా రాసుకున్న కాగితం ఇంకా మా జేబులోనే ఉంది. మేము మారు మాట్లాడలేకపోయాము.

దారి చూపించింది మామూజాన్. అమ్మీకి తమ్ముడైన ఆయనకు నందికొట్కూరు దాటిన తరువాత ఒక పల్లెలో అరవై దాకా గొర్రెలున్నాయి. ఆ చలికాలంలో తోడేళ్ళు నాలుగు పిల్లలను ఎత్తుకుపోయాయట. "పట్నంలో యాడ పెట్టుకుంటారు నాయనా? తోలుకొని రాండి" అని ఫోనులో అన్నారు. అలా పాపనూ రెండు కుక్కలనూ వెంటబెట్టుకుని సుమారు రెండున్నర వందల కిలోమీటర్ల ప్రయాణం మా మెడకు పడింది.

మిత్రుడొకరు తన ఐదు సీట్ల వ్యాను ఇచ్చాడు. అందులో ఏసీ లేదు. నడుమ వరుసలో పాప సీటును బెల్టుతో బిగించి, పాప ముఖం వెనుకకు ఉండేలా అమర్చాము. ఈ వయసు పిల్లలకు మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. బండి హఠాత్తుగా ఆగినప్పుడు ఆ తాకిడిని వీపు మొత్తం పంచుకోవాలంటే వెనుకకు తిరిగి కూర్చోవడమే క్షేమం. ఒళ్ళో పెట్టుకుంటే చాలదా అని ఇంట్లో పెద్దలు అడిగారు. గట్టిగా బ్రేకు పడిన క్షణంలో ఏ తల్లి చేతులూ బిడ్డను పట్టి ఆపలేవని వారిని ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. వెనుక సామాను పెట్టే చోట గోనెపట్టాలు పరచి, సీటుకూ కుక్కలకూ నడుమ ఇనుప జాలీ కట్టాము. రేబిస్ టీకాలు వేయించి, ఆ కార్డులను బండి కాగితాలతో కలిపి పెట్టుకున్నాము. నమాజు కోసం ఇద్దరికీ ఒక్కొక్క జత శుభ్రమైన బట్టలు, ఒక దుప్పటి విడిగా సంచిలో కట్టుకున్నాము. హనఫీ ఫిఖహ్ ప్రకారం కుక్క లాలాజలం అపవిత్రం. అది అంటిన బట్టను, పాత్రను కడుక్కోవాలి. పొడిగా ఉన్న దాని ఒళ్ళు తగిలినంత మాత్రాన బట్ట అపవిత్రం కాదు. ఈ రెండు విషయాలనూ కలిపేసి, కుక్క కనబడితేనే రాయి అందుకునేవారిని మనలో ఎందరినో చూస్తుంటాము.

ఫజ్ర్ నమాజు ముగించుకుని చీకటిలోనే బయలుదేరాము. అమ్మీ గుమ్మం లోపలే నిలబడ్డారు. అప్పటికే ఆమె ఒక పొరపాటు చేసి ఉన్నారు. దూరం పోతున్నాయన్న ప్రేమతో ఆ రెండింటికీ కడుపునిండా పాలన్నం పెట్టించారు. ప్రయాణానికి ముందు కొన్ని గంటలపాటు కుక్కకు మేత పెట్టకూడదని మాకు ఆనాటికి తెలియదు. శంషాబాదు, కొత్తూరు దాటి షాద్‌నగర్ దగ్గరపడేసరికి షేరు ఆ పాలన్నమంతా కక్కివేసింది. ఆ వాసనకు పాప ఏడుపు అందుకున్నది. పాప ఏడుపుకు మోతీ ఊళ పెట్టింది. రోడ్డు పక్కన ఆపి, గోనెపట్టాలు మార్చి, చేతులు కడుక్కుని, పాపకు పాలు పట్టి మళ్ళీ కదిలేసరికి ముప్పావు గంట గడిచింది. చల్లటి వేళలోనే ఎక్కువ దూరం పోవాలని వేసుకున్న మా లెక్క అక్కడే తప్పింది.

అయితే ఒక వింత కూడా జరిగింది. వెనుకకు తిరిగి కూర్చున్న పాపకు సీటు వీపు మీదుగా రెండు జతల చెవులు మాత్రమే కనిపించేవి. గతుకు వచ్చినప్పుడల్లా ఆ నాలుగు చెవులూ ఒక్కసారిగా ఎగిరేవి. ఆ పిల్ల పకపకా నవ్వేది. బాలానగర్ నుండి జడ్చర్ల వరకు మేము కొన్న బొమ్మలేవీ చేయలేని పనిని ఆ చెవులే చేశాయి.

జడ్చర్ల దాటాక ఒక హోటలు దగ్గర ఆగాము. రెండు గంటలకు ఒకసారైనా పాపను సీటులో నుంచి తీసి, కాసేపు వెల్లకిలా పడుకోబెట్టాలని వైద్యులు చెప్పి ఉన్నారు. అప్పటికే ఎండ చురుక్కుమంటున్నది. పాప ఒళ్ళు వెచ్చబడిందేమోనని మాకు భయం. షేరు నాలుక వేలాడేసి రొప్పుతున్నది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి వేడి దించుకునే మార్గం. తలుపులు మూసిన బండిలో ఆ మార్గం కూడా మూసుకుపోతుంది. అందువల్ల ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళి టీ తాగే వీలులేదు. ఒకరు పాపతో, ఒకరు కుక్కలతో నిలబడ్డాము. హోటలు కుర్రాడు నీళ్ళ బకెట్టు తెచ్చి ఇచ్చాడు. సంగతంతా విని, "ఎందుకన్నా ఈ తిప్పలు, ఈడ ఇడిచిపెట్టుండ్రి. మిగిలిన అన్నం మస్తుంటది" అన్నాడు.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. దాచడం ఎందుకు, ఆ క్షణంలో ఇద్దరికీ ఆ ఆలోచన నచ్చింది. ఇంకా సగం దారి ఉంది. పాపకు జ్వరం వస్తే ఏమిటి గతి? కుక్కలు మామూజాన్ దగ్గరకు చేరకపోయినా అమ్మీకి తెలిసే అవకాశం లేదు. ఆయనతో ఏదో ఒకటి చెప్పవచ్చు. ఆ అబద్ధానికి మాటలు కూడా మనసులో కూర్చుకుంటున్నామన్న సంగతి తరువాత గుర్తుచేసుకుంటే సిగ్గు వేసింది.

అంతలో హోటలు వెనుక నుండి ఏడెనిమిది కుక్కలు గుంపుగా వచ్చి మా వ్యాను చుట్టూ మొరగసాగాయి. వాటిలో ఒకటి మూడు కాళ్ళతో నడుస్తున్నది. పగలూ రాత్రీ లారీలు పరుగెత్తే రోడ్డు పక్క బతుకు అది. తోట గట్టు దాటి ఎరుగని మోతీ జాలీకి ఒంటిని అదిమి వణికిపోయింది. అప్పుడు అబ్బా తరచుగా చెప్పే ఒక సంఘటన మాకు జ్ఞాపకం వచ్చింది. దైవప్రవక్త (స) మక్కా విజయానికి తరలివెళుతున్నప్పుడు అర్జ్ అనే చోట దారిలో ఒక కుక్క తన పిల్లలకు పాలిస్తూ కనిపించిందట. వేలాదిగా సాగుతున్న ఆ సైన్యంలో ఎవరూ దానిని బెదరగొట్టకుండా ఆయన (స) ఒక సహచరుడిని అక్కడ కాపలా నిలబెట్టారని సీరత్ రచయిత వాఖిదీ నమోదు చేశారు. అంత పెద్ద ప్రయాణంలో, అంత పెద్ద పని మీద పోతూ కూడా ఒక మనిషిని అందుకు కేటాయించారు. మా పని ఏపాటిది! కుర్రాడికి బకెట్టు తిరిగి ఇచ్చి, పాప నుదుట తడిగుడ్డ వేసి బయలుదేరాము. అల్‌హందులిల్లాహ్, అది జ్వరం కాదు, ఎండ వేడి మాత్రమే.

కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి వద్ద కృష్ణానది మీదుగా సాగాము. ఎండాకాలపు నది రాళ్ళు బయటపెట్టుకుని సన్నగా పారుతున్నది. 2009 అక్టోబరులో ఇదే కృష్ణ, దిగువన తుంగభద్ర ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచెత్తాయి. పాతబస్తీలో అమ్మీ తరఫు బంధువులు మిద్దెల మీద రాత్రి గడిపారు. నీళ్ళు తీసిన తరువాత అబ్బా రెండు బస్తాల బియ్యంతో లారీ ఎక్కి ఈ దారినే వెళ్ళారు. ఆ ప్రయాణం గురించి ఆయన ఎక్కువగా చెప్పేవారు కాదు.

అలంపూర్ చౌరస్తా సమీపించేసరికి జొహర్ వేళయింది. రోడ్డుకు కొంచెం లోపలగా ఒక చిన్న మస్జిదు, దానికి ఎదురుగా ఒక వేపచెట్టు కనిపించాయి. కుక్కలను దించబోయే ముందు అరచేతిని తారు మీద ఆనించి చూశాము. ఐదు లెక్కపెట్టే లోపే చేయి తీసివేయవలసి వచ్చింది. మన అరచేయి ఓర్చుకోలేని నేల మీద వాటి పాదాలు కాలిపోతాయి. బండిని చెట్టు నీడలోని మట్టి దాకా పోనిచ్చి, అక్కడ దించి కట్టివేశాము. మాలో ఒకరు బట్టలు మార్చుకుని వుజూ చేసి జమాఅత్‌కు వెళ్ళగా, మరొకరు పాపతో చెట్టు కింద ఉండిపోయారు. ఇమాం స్థానికుడు కాబట్టి ఆయన వెనుక నాలుగు రకాతులూ పూర్తిగా చదవాలి. చెట్టు కింద దుప్పటి మీద విడిగా చదువుకున్నవారికి మాత్రం ముసాఫిర్లకు ఉన్న రెండు రకాతుల వెసులుబాటు దక్కింది.

జమాఅత్ నడుస్తుండగా పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు లోపలికి స్పష్టంగా వినిపించింది. నమాజు త్వరగానే ముగిసింది. సలాం తరువాత వృద్ధుడైన ఆ ఇమాం బయటికి వచ్చి, "బిడ్డ ఏడుపు వినిపించింది, తొందరగా ముగించినాను" అన్నారు. పసిబిడ్డ ఏడుపు వినబడితే ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని దైవప్రవక్త (స) నమాజును కుదించేవారన్న హదీసు మనమంతా విన్నదే. విన్నదానిని ఒకరు మా పాప కోసం ఆచరించగా చూడటం అదే మొదటిసారి. కుక్కలను చూసి ఆయన మొహం చిట్లిస్తారేమోనని మేము బెరుకుగా నిలబడ్డాము. ఆయన లోపలికి వెళ్ళి పగిలిన మట్టి బాన ఒకటి తెచ్చి, చెట్టు మొదట్లో పెట్టి, "ఇది ఎవురూ వాడరు, దీంట్లో పోయండి నీళ్ళు" అన్నారు. దప్పికతో నాలుక చాచిన కుక్క కోసం బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్ళు నింపి, దానిని నోట కరచుకుని పైకి వచ్చిన మనిషి గురించి సహీహ్ బుఖారీలో ఉంది. అతనికి దైవక్షమాపణ లభించింది. ఇమాం ఆ మాట ఎత్తలేదు. కుక్కలు నీళ్ళు తాగేదాకా నిలబడి చూసి వెళ్ళిపోయారు.

పుల్లూరు, తుంగభద్ర వంతెన, కర్నూలు త్వరత్వరగా గడిచాయి. కొండారెడ్డి బురుజు చూపించాలని ముందు అనుకున్నాము గానీ, చూడవలసిన పాప నిద్రపోతున్నది. నందికొట్కూరు రోడ్డు ఎక్కగానే వాహనాల రద్దీ తగ్గింది. గార్గేయపురం చెరువు దాటిన తరువాత గాలి తిరిగింది. ఎక్కడో గొర్రెల మంద వాసన సోకినట్టుంది, షేరు లేచి నిలబడి ముక్కును కిటికీ సందులో పెట్టింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్ళపాడు గడ్డిభూములు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆ పిట్ట ఇప్పుడు కంటికి కనబడటమే అరుదు. కృష్ణజింకలు, తోడేళ్ళు మాత్రం ఉన్నాయి. తోడేలుకు అది ఇల్లు, గొర్రెలకాపరికి అదే మేతబీడు. ఇద్దరికీ నడుమ నిలవవలసింది కుక్కే.

మామూజాన్ పొలిమేర దగ్గరే ఎదురుచూస్తున్నారు. ముందు పాపను ఎత్తుకుని ముద్దాడారు. తరువాత కుక్కల నోళ్ళు తెరచి పళ్ళు చూశారు. "పెద్దదానికి వయసైంది. ఐనా గొంతుండాది, చాలు" అన్నారు. మంద వెంట పుట్టి పెరిగిన కుక్క మాదిరిగా ఇవి వెంటనే పనికిరావని, మొదట పది దినాలు కట్టివేసి ఉంచి గొర్రెల వాసన అలవాటు చేయాలని చెప్పారు. ఆ రోజుల్లో ఆయన ఒక రైతు పొలంలో మంద కట్టారు. కోత అయిన చేలో రాత్రిపూట గొర్రెలను నిలిపితే పడే ఎరువుకు రైతు కొంత ముట్టజెపుతాడు. వల చుట్టూ కట్టి, లోపల గొర్రెలను తోలి, వలకు బయట రెండు మూలలా గుంజలు పాతి షేరునూ మోతీనీ కట్టారు. మోతీ మొదట గొర్రెను చూసి మొరిగింది. గొర్రె దానిని చూసి కాలితో నేలను తన్నింది. మామూజాన్ నవ్వారు.

మగ్రిబ్ తరువాత అమ్మీకి ఫోను చేశాము. పాప ఎలా ఉందని అడుగుతారనుకున్నాము. "నీళ్ళు తాగినాయా?" అని అడిగారు. తాగాయని చెప్పాము. కాసేపు ఆగి, ఫోను మోతీ దగ్గర పెట్టమన్నారు. అమ్మీ దాని పేరు పెట్టి రెండుసార్లు పిలిచారు. మోతీ చెవులు నిక్కించి లేచి, ముందు ఫోనును, తరువాత చీకట్లో మేము వచ్చిన దారిని చూసింది. తాడు అందినంత దూరం వెళ్ళి అక్కడ నిలబడింది. పాప మా భుజం మీద నుండి వంగి ఆ చెవుల కోసం చేయి చాచింది. చాలాసేపటి తరువాత మోతీ తిరిగివచ్చి, వల అంచున, గొర్రెలకు వీపు ఆనించి పడుకుంది.